బట్టమేక బీడు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా ఆఫీసు ఒక డేరాలో ఉండేది. ప్రభుత్వంలో సగం డేరాల్లోనే నడిచేది కాబట్టి అదేమీ మాకు చిన్నతనం కాదు. గాలి లేచినప్పుడు కాగితాల మీద గుండ్రాళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చుని, దుమ్ము అణిగాక మళ్ళీ పని మొదలుపెట్టేవాళ్ళం.

నేను మద్రాసులో జంతుశాస్త్రం చదివాను. ఒక కాలేజీలో, సీసాల్లో నిలవబెట్టిన కప్పలకూ పాములకూ చీటీలు అంటించే పనిలో ఉండగా కొత్త రాష్ట్రపు అటవీ శాఖలో ఈ ఉద్యోగం పడింది. కాలువలు తవ్వే చోట, రోడ్లు వేసే చోట, గనులు తెరిచే చోట ఏ జంతువులు, ఏ పక్షులు బతుకుతున్నాయో చూసి, వాటికోసం ఏ నేల వదిలిపెట్టాలో ప్రభుత్వానికి చెప్పడం నా పని. అలాంటి పని ఒకటుంటుందని మా నాన్నకు ఎంత చెప్పినా అర్థం కాలేదు. "అయితే నువ్వు రేంజరువా?" అని అడిగేవాడు. కాదంటే, "మరి నీ మాట ఎవరు వినాలి?" అనేవాడు. ప్రభుత్వం వింటుంది నాన్నా, అనేవాణ్ణి. నమ్మే అన్నాను ఆ మాట.

మొదట నన్ను ఆత్మకూరు మీదుగా నల్లమలకు పంపారు. అక్కడ పని తేలిక. అది అడవి అని చూసినవాళ్ళందరికీ తెలుస్తుంది. చెట్లున్నాయి, పులి ఉంది, భయం ఉంది. కష్టమంతా నన్ను కోసిగి వైపు పంపినప్పుడు మొదలైంది. అక్కడ నేను కాపాడాల్సిన నేలను రెవెన్యూ వాళ్ళు పనికిరాని బంజరు అంటారు. దాని మీద చెట్టు లేదు. ఎవరైనా చూసి ఇది బాగుంది అనడానికి ఏమీ లేదు.

ఆదోని తాలూకా అప్పుడే బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి మాలో కలిసింది. తుంగభద్ర కాలువ ఆ వైపుకు వస్తోంది. పిల్లకాలువలు ఎటు పోవాలో ఇంజనీర్లు జెండాలు పాతుతున్నారు. ఆ దారిలో, కోసిగి స్టేషన్‌లో రైలు దిగి సగం పూట నడిస్తే వచ్చే ఒక ఊరి పక్కన పెద్ద గడ్డిబీడు ఉందనీ, దాంట్లో బట్టమేక పక్షి ఉందనీ ఎవరో రాశారు. వెళ్ళి చూసి రమ్మన్నారు.

బట్టమేకను చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. నిలబడితే మన నడుము దాటి వస్తుంది. తెల్లటి పొడుగాటి మెడ, నెత్తిన నల్లటి టోపీ, గోధుమరంగు వీపు. గడ్డిలో నడుస్తుంటే ఎవరో పెద్దమనిషి తన పొలం చూసుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. వానలు పడ్డాక మగపక్షి కాస్త ఎత్తయిన చోట నిలబడి, మెడకింద సంచి నేలకు తగిలేంతగా ఉబ్బించి, కడుపులోంచి ఒక మూలుగు తీస్తుంది. ఆ శబ్దం చెవికి వినబడకముందే గుండెకు తగులుతుంది. ఆడది ఏడాదికి ఒకే ఒక గుడ్డు పెడుతుంది. గూడు కట్టదు, ఉత్త నేల మీదే. అందుకే దానికి చెట్లు అక్కర్లేదు, నీళ్ళు అక్కర్లేదు. నాగలి దిగని నేల కావాలి, అంతే.

నేను వెళ్ళిన మొదటి సాయంత్రమే ఒక మగపక్షిని చూశాను. చూసి అక్కడే గడ్డిలో కూర్చుండిపోయాను. చదివినంత కాలం సీసాల్లో చచ్చిన జంతువులనే చూసినవాణ్ణి. ఆ రోజు నా ఉద్యోగం మీద నాకు ప్రేమ పుట్టింది.

ఆ ఊళ్ళో ఉండటానికి చోటు ఇచ్చింది ఒక ఉపదేశి. క్రైస్తవుల వాడలో ఒక రాతిగది ఉండేది. ఆదివారం అది గుడి, మిగతా రోజులు బడి. ఆయనే ప్రార్థన చేయించేవాడు, ఆయనే పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు. యాభై దాటిన మనిషి, బక్కపలచగా, ఎప్పుడూ ఉతికిన జుబ్బాలో ఉండేవాడు. ఊరంతా ఆయన్ను అయ్యవారనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. ఆయన భార్య పొద్దున్నే జొన్నరొట్టెలు కొట్టి, గురెళ్ళపొడి వేసి పెట్టేది. "కడుపు నింపుకోని పో నాయనా, ఆడ ఆ బీట్లో నీకు పెట్టేటోళ్ళు ఎవురుండారు?" అనేది.

నేను వచ్చిన పని అయ్యవారికి చెప్పాను. ఆయన మెల్లగా అన్నాడు:

"సారూ, మీరు దాపరికం లేకుండా చెప్పినారు. నేనూ అట్లే చెప్తాండా. ఆ బీడు కోసమే మేము శానా దినాల నుంచి అర్జీలు పెట్టుకుంటాండాం."

ఆయన వాడలో ఎవరికీ సొంత నేల లేదు. కాస్త వాన పడ్డ ఏడాది రెడ్ల పొలాల్లో పని, పడని ఏడాది సుగ్గి. సుగ్గికి పోవడమంటే గంపలో చట్లు, చంకలో పిల్లలు, నీళ్ళున్న సీమకు కోతలకు పోవడం. వాడ వాడంతా తలుపులకు కంప పెట్టి వెళ్ళిపోయేది. బడిలో అయ్యవారు ఒక్కడే ఉండేవాడు. పిల్లలు తిరిగొచ్చేసరికి నేర్చుకున్న అక్షరాలు పోయేవి. మళ్ళీ మొదటి నుంచి దిద్దించేవాడు. ఇప్పుడు కాలువ వస్తుంది. బీడులో కాలువ కింద పడే భాగం తడి నేల అవుతుంది. ఆ నేల తన వాళ్ళకు పట్టాలుగా ఇస్తే ఇక సుగ్గి ఉండదు. ఆయన కోరిక అంతే.

"పిట్టకు కావాల్సింది ఆ నేలే, మాకు కావాల్సింది ఆ నేలే," అన్నాడు. "ఇంగ మీరూ నేనూ ఏం మాట్లాడుకునేది?"

అయినా మాట్లాడుకోవడం మానలేదు. ఆ వానకాలమంతా నేను కర్నూలుకూ ఆ ఊరికీ మధ్య తిరిగాను. పొద్దున పక్షులను చూడటం, మధ్యాహ్నం బడి అరుగు మీద కూర్చుని ఆయనతో వాదించడం. ఒకరోజు ఆయనే నాతో బీడుకు వచ్చాడు. మగపక్షి మూలుగుతుంటే నా పక్కన గడ్డిలో బోర్లా పడుకుని చూశాడు. లేచాక జుబ్బా దులుపుకుంటూ, "దేవుడు దీన్ని గూడా ఒక పూట కూర్చోని చేసినట్టుండాదే," అన్నాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక, గడ్డికి పోయే ఆడవాళ్ళు బట్టమేక గుడ్డు కనబడితే ముట్టుకోవద్దని చెప్పాడు. అందరూ నవ్వారు. కానీ ఆ ఏడాది నాకు తెలిసి ఎవరూ ముట్టుకోలేదు.

అలా తిరుగుతూనే మాకు దారి దొరికింది. బీడు అంతా ఒకటే రకం కాదు. తూర్పు వైపు వాలు నల్లరేగడి, కాలువ కిందికి వచ్చేది అదే. పడమటి వైపు గరుసు నేల, గుంటక దిగదు, నీళ్ళెక్కవు. పక్షులు మూలిగేదీ, గుడ్లు పెట్టేదీ ఎక్కువగా పడమటి వైపే. తూర్పు సగం మనుషులకు, పడమటి సగం పక్షులకు. మధ్యలో ఒక వంక ఉంది, వానొస్తే తప్ప నీళ్ళు పారని వంక. దాన్నే హద్దు పెట్టుకుందామనుకున్నాం. ఇద్దరం ఆ వంక వెంబడి మొదటి నుంచి చివరిదాకా నడిచాం. ఎండలో ఆయన చెప్పులు చేతపట్టుకుని, ఇసకలో దిగి నడుస్తూ, తన వాళ్ళలో ఎవరికి ఏ నేలచెక్క బాగుంటుందో చెబుతూనే ఉన్నాడు. ఫలానా ముసలామెకు ఇంటికి దగ్గర, ఫలానా వాడికి ఎద్దులున్నాయి కాబట్టి దూరమైనా ఫరవాలేదు. నేను పక్షుల గురించి చెబుతూనే ఉన్నాను. నా ఉద్యోగ జీవితంలో నేను సంతోషంగా ఉన్న రోజు ఏదంటే అదే.

నివేదికలో అదే రాశాను. సగం ఇవ్వండి, సగం ఉంచండి, ఉంచిన సగానికి ఒక కాపలాదారుణ్ణి పెట్టండి.

మా పై అధికారి మంచి మనిషి. కోపం తెలియదు, లంచం తెలియదు. నా నివేదిక చదివి, "నేనే వచ్చి చూస్తాను. ఆ పక్షిని ఒకసారి కళ్ళారా చూస్తే పైవాళ్ళకు గట్టిగా చెప్పగలను," అన్నాడు. నేను పొంగిపోయాను. ఊరికి వెళ్ళి అయ్యవారికి చెబితే ఆయన కూడా పొంగిపోయాడు. వాడ అంతా ఊడ్చి, బడికి సున్నం కొట్టించాడు.

మా అధికారి ఆదోని నుంచి జీపులో వచ్చాడు. జీపు ప్రభుత్వానిది కాదు. ఆదోనిలో పత్తి మిల్లున్న ఒక పెద్దమనిషిది. మా దగ్గర ఉన్న జీపు చెడిపోతే ఆ మిల్లాయన తన జీపు ఇచ్చి, తనూ వెంట వచ్చాడు. తెల్లటి పంచె, చేతికి బంగారు గడియారం, చాలా మర్యాదగా మాట్లాడే మనిషి. వెనక సీటులో గుడ్డ చుట్టిన తుపాకీ ఉంది. నేను చూశాను. ఆ రోజుల్లో జీపులో తుపాకీ లేని పెద్దమనిషి ఉండేవాడు కాదు. జింకల కోసమేమో అనుకున్నాను. అడగాలని కూడా తోచలేదు.

బట్టమేక నడిచొచ్చే మనిషిని చూస్తే చాలా దూరంలో ఉండగానే తప్పుకుంటుంది. బండిని చూసి మాత్రం అంతగా బెదరదు. అందుకని జీపులోనే పోదామని నేనే అన్నాను. అయ్యవారు ముందు సీటు పక్కన నిలబడి, కడ్డీ పట్టుకుని వచ్చాడు. మబ్బు పట్టిన పొద్దు. గడ్డి మీద తడి ఇంకా ఉంది. మగపక్షి ఎప్పుడూ నిలబడే మిట్ట మీదే నిలబడి ఉంది. సంచి దించి మూలుగుతోంది. డ్రైవరును ఆపమన్నాను. మా అధికారి కళ్ళద్దాలు తుడుచుకుని, "అబ్బ, ఎంత ఠీవి!" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

నా చెవి పక్కనే తుపాకీ పేలింది.

పక్షి ఎగరలేదు. మెడ ముందుకు చాచి రెండడుగులు నడిచి, కూర్చున్నట్టుగా కూలిపోయింది. నేను ఏమని అరిచానో నాకు తెలియదు. జీపు దిగి పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి ఇంకా కళ్ళు తెరిచే ఉంది. ఉబ్బిన సంచి మెల్లగా, గాలి దిగిన తిత్తిలా నేల మీద పరుచుకుంది.

మిల్లాయన వెనకాలే వచ్చాడు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "ఏమప్పా, అంత గాబరా పడతాండావు? బీడంతా ఇవే గదా!" అన్నాడు. మా అధికారి జీపు దిగలేదు. నేను తిరిగొచ్చాక, నా భుజం మీద చెయ్యి వేసి, "జరిగిపోయింది. పెద్దది చెయ్యకు. ఒక్క పక్షే కదా," అన్నాడు. దాన్ని కొట్టకూడదని నియమం ఉంది సార్, అన్నాను. "ఉంది," అన్నాడు, అంతే.

పక్షిని జీపు వెనక వేసుకున్నారు. అయ్యవారు ఎక్కలేదు. నేను నడిచొస్తానులెండి అని, వాళ్ళు ఎంత పిలిచినా ఎక్కలేదు. నేను కూడా ఆయనతో ఉండాల్సింది, కానీ అధికారితో పోవడం నా పని. ఆదోని బంగళాలో ఆ మధ్యాహ్నం దాన్ని వండారు. నాకు ఆకు వేశారు. తలనొప్పి అని లేచిపోయాను. వరండాలో కూర్చుంటే లోపల వాళ్ళు మాంసం కాస్త గట్టిగా ఉందని చెప్పుకోవడం వినబడింది.

ఇంత జరిగినా నేను ఆశ వదులుకోలేదు. మా అధికారికి సిగ్గుగా ఉంటుంది, ఆ సిగ్గుతోనైనా నా నివేదికను పైకి పంపుతాడు అనుకున్నాను. పంపాడు కూడా.

ఎండలు ముదిరిన రోజుల్లో అయ్యవారు కర్నూలు వచ్చాడు. మా డేరా ముందు నిలబడి ఉన్నాడు. అంత దూరం బస్సుల్లో వచ్చి, దుమ్ము పట్టిన జుబ్బాతో లోపలికి రావడానికి మొహమాటపడుతున్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. వాడవాళ్ళ అర్జీలన్నీ కొట్టేశారు. పక్షుల రక్షణ కోసం ఆ బంజరులో ఎవరికీ పట్టాలివ్వడానికి వీల్లేదని తాశిల్దారు చెప్పాడట.

"మొత్తమా?" అన్నాను.

"మొత్తం సారూ. సెంటు గూడా లేదు." నా ముఖంలోకి చూశాడు. "సగం అని కదా మనం అనుకున్నాం. మీరు అట్లే రాసినారా?"

"అట్లే రాశాను అయ్యవారూ."

"నేనూ అదే చెప్పినా మావోళ్ళకు. సారు మాట మార్చే మనిషి కాదని చెప్పినా." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. నిష్ఠూరం ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. "వాళ్ళు నమ్మల్యా."

ఆయన్ను అక్కడే ఉండమని మా అధికారి డేరాలోకి వెళ్ళాను. ఆయన ఫైలు మూసి ఓపికగా చెప్పాడు. సగం అంటే హద్దు కొలవాలి, రాళ్ళు పాతాలి, రెవెన్యూ వాళ్ళతో సంతకాలు కావాలి. ఆ వంక ప్రతి ఏడాదీ దారి మార్చుకుంటుందని ఎవరో అభ్యంతరం పెట్టారు. మొత్తం ఉంచేస్తే ఏ గొడవా లేదు. "నీకు మంచిదే కదా! నువ్వడిగిన దానికన్నా రెట్టింపు దొరికింది నీ పక్షులకు," అన్నాడు. కాపలాదారు సంగతి అడిగాను. కొత్త పోస్టులకు ఇప్పుడు వీలు కాదన్నాడు.

బయటికి వచ్చి అయ్యవారికి అదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా, పిల్లవాడు అప్పజెప్పే పాఠం విన్నట్టు విన్నాడు. మా ఇంటికి భోజనానికి రమ్మంటే, బస్సు పోతుందని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి కథ తొందరగానే అయిపోయింది. బీడును ఉంచామన్నారు గానీ ఎవరి నుంచి కాపాడి ఉంచారో ఆ వాడవాళ్ళకే తెలుసు. జీపులకు అడ్డం లేదు. కాలువ పని జోరుగా సాగుతోంది. మేస్త్రీలు, కంట్రాక్టర్లు, వాళ్ళ చుట్టాలు, సెలవు దొరికిన ప్రతి ఆఫీసరూ తుపాకీ పట్టుకుని అక్కడికే వచ్చారు. జింకల మందలు పలచబడ్డాయి. నేను రాస్తూనే ఉన్నాను, ఇక్కడ ఒక మనిషిని పెట్టండి, ఒక్క మనిషిని. రెండో వానకాలం వెళ్ళినప్పుడు రోజులకు రోజులు బీడంతా నడిచాను. ఎక్కడా మూలుగు వినబడలేదు. ఒక ఆడపక్షి దూరంగా ఒక్కసారి ఎగిరి కనిపించింది. మూడో వానకాలం అది కూడా లేదు. ఆ మాటే రాశాను, ఈ ఏడాది ఒక్క పక్షీ కనబడలేదు, ఇప్పటికైనా కాపలా పెట్టండి అని.

అప్పటికి రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. డేరాలు ఎత్తేశారు. మా ఫైళ్ళు లారీల్లో వెళ్ళాయి. కొత్త ఆఫీసులో, నన్ను ఎప్పుడూ చూడని ఒక అధికారి నా చివరి నివేదిక చదివాడు. పక్షులు లేవని ఈ శాఖ నిపుణుడే చెబుతున్నాడు కాబట్టి ఆ బంజరును ఉంచాల్సిన అవసరం లేదని తేల్చాడు. అప్పటికి అర్జీ పెట్టుకున్నవాళ్ళలో నేలను బాగు చేసే శక్తి ఉన్నవాడు మిల్లాయన ఒక్కడే అన్నారు. బీడు ఆయనకు కౌలుకు పోయింది.

నేను రాసిన వాటిలో ఒక్క అబద్ధం లేదు. మొదటి నిజంతో మనుషులను వెళ్ళగొట్టారు, రెండో నిజంతో పక్షుల నేలను ఇచ్చేశారు. దీని గురించి ఎన్నో ఏళ్ళు ఆలోచించాను. వేరే విధంగా ఏం రాసి ఉంటే వేరే విధంగా జరిగేదో నాకు ఇప్పటికీ తోచదు.

ఇంట్లో నా భార్య ఒకరోజు అడిగింది. "ఈ ఉద్యోగం మానెయ్యరాదూ? రోజూ శవం పక్కన కూర్చుని వచ్చినట్టు వస్తున్నారు." మానేస్తే ఈ మాత్రం రాసేవాడు కూడా ఉండడన్నాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండానే, "రాసి ఏం చేశారు?" అంది. దెప్పడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేను లేచి వీధిలోకి వెళ్ళిపోయాను.

ఆ చలికాలం సెలవు పెట్టి ఆ ఊరికి వెళ్ళాను. బీడు మీద ట్రాక్టరు తిరుగుతోంది. ఆ తాలూకాలో నేను చూసిన మొదటి ట్రాక్టరు అదే. గరుసు నేలను కూడా వదల్లేదు, పెళ్ళగించి రాళ్ళు కుప్పలు పోశారు. మగపక్షి నిలబడే మిట్ట ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయాను. వాడకు వెళితే తలుపులన్నిటికీ కంప పెట్టి ఉంది. బడికి కూడా. ఒక గుడ్డి ముసలాయన మాత్రం ఎండలో కూర్చుని ఉన్నాడు.

"అయ్యవారు యాడికి పోయినారు తాతా?" అని అడిగాను.

"ఇంగ యాడికప్పా, సుగ్గికి పోయినాడు, వాళ్ళతోనే."

"ఆయన కూడానా?"

"పిలకాయలు లేని బడిలో ఆయప్ప ఏం చేస్తాడు? నా పిల్లోళ్ళు యాడుంటే నా బడి ఆడే అని పోయినాడు. పనికి గూడా దిగినాడంట, చేతగాకపాయె." ముసలాయన నా గొంతు వచ్చిన వైపు తల తిప్పి, "నువ్వెవురప్పా?" అన్నాడు. ఎవరో చెప్పలేదు. స్టేషనుకు నడిచి వచ్చేశాను.

తర్వాత నన్ను కడప జిల్లాకు వేశారు. మంగంపేట వైపు ముగ్గురాయి గనులు పెద్దవి చేస్తున్నారు. గుట్టల పక్కన ఎలుగుబంట్లు పిల్లల్ని పెట్టే బొరియలున్నాయి, వాటి మీదుగా లారీల దారి వేస్తామంటున్నారు, చూసి రాయమన్నారు. అప్పటికి నేను చెయ్యి అలవాటుతో రాసేవాణ్ణి. బొరియలను చూశాను, తాజా అడుగులను చూశాను, దారిని అవతలి వైపు నుంచి వేయవచ్చని చెప్పే పటం గీశాను. ఇంజనీరు దాన్ని తీసుకుని, చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గని గుంట అంచున ఆడవాళ్ళు వరసగా కూర్చుని రాయి పగలగొడుతున్నారు. తెల్లటి పొడి జుట్టు మీద, కనుబొమల మీద, చీరల మీద. అందరూ ముసలివాళ్ళలాగే ఉన్నారు. వాళ్ళలో ఒకామె సుత్తి ఆపి నన్ను చూసింది. కొంగుతో ముఖం తుడుచుకున్నాక గుర్తుపట్టాను. అయ్యవారి భార్య.

నేను దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. కోసిగిలో ఎక్కిన రైలు తిన్నగా కడప దాటి ఈ దిక్కుకే వస్తుంది, వాడలో సగం మంది ఇక్కడే ఉన్నామని చెప్పింది. అయ్యవారు ఎక్కడమ్మా అని అడిగాను.

"ఆయప్ప పోయినాడు నాయనా," అంది. "గంగావతి కాడ కోతల్లో చలిజరం పట్టుకున్నెది. దావఖానాకు తీస్కపొయ్యే లోపలే పాయె. ఆడనే కాలవ గట్టున పెట్టొస్తిమి. పాట పాడేకి గూడా ఆయప్పే కదా తెలిసినోడు. మాకెవురికీ పదాలు సరిగ్గా రాకపాయె."

ఆమె నా చేతిలోని కాగితాల చుట్టను చూసింది, నా మెడలోని దుర్భిణిని చూసింది. ఆమె ముఖం మెల్లగా మారింది.

"ఈడ గూడా ఏమన్నా ఉండాదా నాయనా?" అంది. "పిట్టో, జంతువో?"

"ఎలుగుబంట్లు ఉన్నాయమ్మా, ఆ గుట్టల్లో."

పక్కనున్న ఆడవాళ్ళు కూడా సుత్తులు ఆపారు. ఆమె నా చెయ్యి పట్టుకుంది. రాయి పొడికి ఆ అరచెయ్యి గరుగ్గా, పగిలిపోయి ఉంది.

"నువ్వు మంచోనివే. ఆయప్ప గూడా పొయ్యేదాకా అదే అంటాండె. కానీ ఈ పనన్నా ఉండనీ నాయనా. ఈడ గూడా వద్దని రాయొద్దు. ఇంగ మేము యాడికని పోయేది?"

నా మాట మీద ఈ గని ఒక్క పూట కూడా ఆగదనీ, నా పటం ఇంజనీరు జేబులో ఉందనీ, ఎండాకాలం లోపలే లారీలు ఆ బొరియల మీదుగా పోతాయనీ ఆమెకు ఎలా చెప్పను? చెబితే నాకు సిగ్గు, ఆమెకు ఊరట. అందుకని చెప్పాను.

"ఏదీ ఆగదమ్మా. మీ పని ఎక్కడికీ పోదు."

"నిజమేనా?"

"నిజమే."

ఆమె నా చెయ్యి వదిలి, చల్లగా ఉండు నాయనా అని దీవించింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మళ్ళీ రాయి పగలగొట్టడం మొదలుపెట్టారు. నేను లేచి గుట్ట దిగాను. ఆ వేసవిలోనే దారి పడింది. ఎలుగులు ఎటు పోయాయో చూసి రమ్మని నన్నెవరూ పంపలేదు.